ఇంటినేలకు పూచీ ఎవరిది?

(జాతీయ వినియోగదారుల దినమునాడు మధిరలో ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము. చదువరుల యుపయోగార్థము దాని పాఠము నిచ్చట ప్రకటించుచున్నాము. — సం.)



వినియోగదారుల రక్షణ చట్టము మొదటిసారి 1986 డిసెంబరు 24వ తేదీన రాష్ట్రపతి ఆమోదము పొందినది. ఆ కారణమున ప్రతివత్సరము ఈ తేదీన సభలు జరుగుచున్నవి, పూలదండలు వేయబడుచున్నవి, ఉపన్యాసకులు లేచి సెక్షనులను వరుసగా చదివి కూర్చుండుచున్నారు. వృత్తిచేత వకీలునగుటచే ఆ పని నాకును సులభమే. కాని మీరు ఈ చలిలో ఇండ్లు విడిచి వచ్చినది సెక్షనులు వినుటకు కాదని యెరుగుదును. కావున నేడు ఒకే వస్తువును గూర్చి చెప్పదలచితిని. అది మన కాళ్లక్రిందనే యున్నది. ఇంటినేల.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పిరి. ఇల్లు కట్టుటలో పునాది మొదటిది, నేల కడపటిది. పునాదినాడు చేతిలో ధనమును, మనసులో జాగ్రత్తయు రెండును ఉండును. ఇంజనీరు నడుగుదుము, ఇనుమును తూయించి కొందుము, సిమెంటు బస్తాపై తేదీని చదువుదుము. నేల పరచునాటికి ధనమైపోయి, గృహప్రవేశమునకు ముహూర్తము నిశ్చయమై, శుభలేఖలు పంచబడి, అద్దెయింటి యజమాని ఎప్పుడు ఖాళీ చేసెదరని ప్రతిదినము అడుగుచుండును. ఆ తొందరలో కొను వస్తువు నేల. తలుపు చెడినచో తలుపు నూడదీసి వేరొకటి బిగింపవచ్చును. నేల చెడినచో బీరువాలు, మంచములు, పొయ్యి, దేవునిపటములు, మంచముపట్టిన ముసలితల్లి, అందరును ఇల్లు వెడలవలయును. అందుచేతనే పెక్కుమంది చెడిన నేలపైననే చాప పరచుకొని కాలము వెళ్లబుచ్చుచున్నారు.

మన తాతల కాలమున ఈ ప్రాంతపు ఇండ్లలో నేల యనగా మట్టినేల. పేడతో అలికి ముగ్గు పెట్టుకొనెడివారు. పగులు వచ్చినచో ఇల్లాలే పూడ్చుకొనెడిది. కలిగినవారి ఇండ్లలో సున్నము దంచి చేసిన గచ్చు ఉండెడిది. తరువాత షాబాదు బండలు వచ్చినవి, తాండూరు నీలిబండలు వచ్చినవి. కృష్ణ కావలినుండి నాపరాళ్లు, బేతంచెర్ల బండలు వచ్చినవి. షాబాదు, తాండూరు రెండును నిజాము రాజ్యములోనివే. ఆ పిదప మొజాయికు, దాని వెనుక గ్రానైటు. ఖమ్మము చుట్టుప్రక్కల గ్రానైటును కోసి మెరుగుపెట్టు కర్మాగారములు నేటికిని నడచుచున్నవి. చీమకుర్తి చుక్కలరాయి ఓడలెక్కి దేశదేశములకు పోవుచున్నది. ఐనను మధ్యతరగతి గృహస్థుడు నేడు ఎక్కువగా కొనుచున్నది గుజరాతులోని మోర్బీనుండి పెట్టెలలో వచ్చు టైల్సును.

నాటికిని నేటికిని గల భేదము రాతిలో లేదు, మనిషిలో నున్నది. బండలు పరచిన మేస్త్రీ నాడు ఊరివాడు. బండ కదలినచో సంతలోనో, రచ్చబండ వద్దనో వానిని పట్టుకొని అడుగుటకు వీలుండెడిది. వాని సిగ్గే వాని పూచీ. నేడు టైల్సు చేసినవాడు మోర్బీలో నున్నాడు. అమ్మినవాడు విజయవాడలోనో ఖమ్మములోనో ఉన్నాడు. పరచినవాడు మరునాటికే వేరొక ఊరికి పోయినాడు. కొన్నవాడు మాత్రము మధిరలో ఆ నేలపైననే పరుండుచున్నాడు.

గతకాలమును పొగడుటకు నేను లేవలేదు సుమా. ఆ గచ్చు దంచిన చేతులలో కూలి నోచుకొనని చేతులెన్నో యున్నవి. ఈ ప్రాంతపు బిడ్డయైన సర్దార్ జమలాపురం కేశవరావుగారు వెట్టిచాకిరికి విరోధముగా ఊరూరు తిరిగినది ఏ నేలలపైనో మీరెరుగుదురు. కూలి నడుగుటకు మనుష్యులకు నోరు నేర్పిన ప్రాంతమిది. కొన్న సొమ్మునకు లెక్క యడుగుటకు మాత్రము మనకింకను నోరు రాలేదు.

ఈ మాట ఇతరులపై పెట్టి చెప్పుటలేదు. నా కథనే చెప్పెదను. సిగ్గుగా నున్నది, ఐనను చెప్పెదను.

నాలుగేండ్ల క్రిందట నేను ఇల్లు కట్టుకొంటిని. ఒక టైల్సు దుకాణమునకు వెళ్లి, గోడకు బిగించిన నమూనాలను చూచి, దంతపురంగుది ఒకటి ఏర్పరచుకొంటిని. దుకాణదారుడు టీ తెప్పించి మర్యాద చేసెను. లెక్క కట్టునప్పుడు కొంచెము ముందుకు వంగి, “వకీలుగారూ, బిల్లు కావాలంటే పన్ను పడుతుంది. చీటీమీద అయితే తగ్గుతుంది. మీరు మనవాళ్లు, మీకు బిల్లెందుకండీ” అనెను. నేను చాలయేండ్లుగా పరుల దస్తావేజులు వ్రాసిపెట్టువాడను. తమ్మునికి పదివేలు చేబదులిచ్చినను నోటు వ్రాయించుకొనుమని కక్షిదారులకు బోధించువాడను. 2011లో సకలజనుల సమ్మెనాడు కోర్టు బహిష్కరించి నడిరోడ్డుపై కూర్చుండి రాష్ట్రము కావలెనని అడిగినవాడను. రాష్ట్రము నడిగిన ఆ నోటికి దుకాణములో రసీదు నడుగు ధైర్యము చాలలేదు. నాలుగు రూపాయలు మిగులునను ఆశ యొకటి, అడిగిన నేమనుకొనునోయను మొగమాటము ఒకటి. ఆ రెండును గలసి నన్ను ముంచినవి.

పెట్టెలు వచ్చినవి. మేస్త్రీ పరచుకొనుచు పోయెను. నేను కోర్టు పనిపై తిరుగుచుంటిని. మూడవనాడు ఉదయము తూర్పు కిటికీలోనుండి ఎండ పడగా బయటపడినది: గదిలో సగము దంతపురంగు, సగము పాలిపోయిన పసుపు. పెట్టెలపై ముద్రించిన సంఖ్యలను అప్పుడు చూచితిని. ఒకే పేరు, ఒకే కొలత, వేరు వేరు వాయిల సరకు. దుకాణమునకు పోగా, “పరచకముందు చెప్పాలి కదండీ, పరచిన తరువాత కంపెనీ తీసుకోదు” అని సమాధానము. మేస్త్రీ నడుగగా, “మీరిచ్చినవే పరిచాను సారూ” అని సమాధానము. ఇద్దరు చెప్పినదియు అబద్ధము కాదు. నా చేతిలో మిగిలినది చీటీ. దానిపై దుకాణము పేరు లేదు, టైల్సు పేరు లేదు, తేదీ లేదు. ఒక మొత్తము, దానిక్రింద రెండు గీతలు. ఇట్టి కాగితముతో వేరొక కక్షిదారుడు నా యొద్దకు వచ్చియున్నచో, వకాలతు తీసికొనక మంచినీరిచ్చి పంపియుందును.

నాది ఆశకు తగిన శాస్తి. కాని అన్ని కథలును ఇట్టివి కావు. ఉద్యోగవిరమణ చేసిన ఒక ఉపాధ్యాయురాలు ఈ సభలోనే యున్నారు. వారు పేరు చెప్పవలదనిరి గనుక చెప్పను. ఆమె చేయవలసినదంతయు చేసినది. బిల్లు తీసికొన్నది, దుకాణమువారు తామే మేస్త్రీని పంపుదుమనగా పరపుకూలిని సైతము దుకాణమునకే చెల్లించినది. రెండవ వేసవిలో, రోహిణికార్తెలో, ఒకనాటి మధ్యాహ్నము హాలులో టపాకాయ పేలినట్లు చప్పుడయ్యెను. లేచి చూడగా నడుమవరుసలోని టైల్సు రెండును ఒకదానికొకటి తలలానించుకొని గుడారమువలె పైకి లేచియున్నవి. సాయంకాలమునకు మరి నాలుగు లేచినవి. దుకాణమువారు వచ్చి చూచి, సరకు మంచిదే, పని చెడినది అనిరి. మేస్త్రీకి ఫోను చేయగా, పని మంచిదే, సరకు వంకర అనెను. కంపెనీవారి మనిషి వచ్చి ఫొటోలు తీసికొని, ఇల్లు క్రుంగినట్లున్నదనెను. ఇల్లు కట్టిన కంట్రాక్టరు నడుగగా నవ్వెను. ఆమె ఇప్పటికిని ఆ హాలులో గోడప్రక్కనుండి నడచుచున్నది.

ఇక భద్రాచలమువైపు ఏజెన్సీలోని ఒక కోయ రైతు. ఇందిరమ్మ యిండ్ల పథకము 2024 మార్చి 11న ఆ భద్రాచలములోనే ప్రారంభమైన సంగతి మీకు తెలియును; సొంత స్థలము గలవారికి ఐదు లక్షల రూపాయలు వాయిదాలపై ఇచ్చు పథకము. నేల, మరుగుగది ఇత్యాదులు కడపటి వాయిదా నమ్ముకొని అప్పుతెచ్చి చేసికొను పనులు. అతని మరుగుగదికి వాలు తలక్రిందులుగా వచ్చినది. పోసిన నీరు తూమువైపు పోక పడకగదిలోనికి వచ్చుచున్నది. అతడు మా కార్యకర్తల నడిగినది నష్టపరిహారము కాదు. “నీళ్లు బయటికి పోవాలంటే ఎవరికి దరఖాస్తు పెట్టాలి?” అని యడిగెను.

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు, నేలలు ఏల చెడుచున్నవో తెలిసికొనవలయును. వకీలునకు ఇటుకపని యేల తెలియునని మీరనుకొనవచ్చును. ఫిర్యాదులు వ్రాసి వ్రాసి మేస్త్రీల యొద్దను, ఇంజనీర్ల యొద్దను నేర్చుకొంటిని.

టైల్సులో ముఖ్యముగ రెండు జాతులున్నవి. గోడలకు వాడు సాధారణ సిరామిక్ టైలు నీటిని త్రాగును. నూటికి పదిపాళ్లకంటె ఎక్కువ త్రాగునవియు గలవు. అందుచేత దానిని నీటిలో నానబెట్టి అంటింతురు. లేనిచో అది సిమెంటులోని నీటిని పీల్చివేసి పట్టు కోల్పోవును. విట్రిఫైడు టైలు అట్లు కాదు. అది మిక్కిలి వేడిమిలో కాలి గాజువలె గట్టిపడినది. నూటికి అరపాలునైనను నీరు త్రాగదు. త్రాగదు గనుకనే మరకలు పట్టవు. త్రాగదు గనుకనే వట్టి సిమెంటుపాలు దానిని గట్టిగా పట్టదు. దానికి బస్తాలలో అమ్ము ప్రత్యేకమైన అంటు కావలయును. దానికి భారతీయ ప్రమాణము కలదు, సంఖ్య 15477. టైల్సుకును ప్రమాణము కలదు, సంఖ్య 15622. ఈ రెండవ సంఖ్య పెట్టెపై నున్నదో లేదో చూచి కొన్నవారు ఈ సభలో ఎందరో చేతులెత్తుడని అడుగను. నేనును చూడలేదు.

మన మేస్త్రీలలో అనేకులు బండపరపు నేర్చినవారు. బండ బరువైనది, రంధ్రములు గలది; ఇసుక సిమెంటు పరుపుమీద తన బరువుతో తానే కూర్చుండును. ఆ విద్యనే విట్రిఫైడుపై ప్రయోగించుచున్నారు. అంతేకాక, వేగముకొరకు టైలు వెనుక నడుమను, నాలుగు మూలలను ముద్దలు పెట్టి అదుముదురు. ముద్దల నడుమ గాలి నిలుచును. పైకి చూచుటకు సమముగానే యుండును. రూపాయి బిళ్లతో తట్టినచో డొల్ల చప్పుడు వచ్చును. ఆ డొల్లపై మంచము కాలో, బీరువా కాలో పడిననాడు పగులును.

ఇక ఉపాధ్యాయురాలి హాలులో జరిగినది వేరు. ఎండకు నేల వ్యాకోచించును, చలికి ముడుచుకొనును. అందుకు టైల్సు నడుమ సన్నని సందు విడిచి గ్రౌటు నింపవలయును. పెద్ద హాలులో గోడ అంచుల వెంట కొంత చోటు విడువవలయును. కాని సందు కనబడినచో అందము చెడునని మనమే అందుము. సందు లేకుండ అతికించుమని మేస్త్రీని బలవంతపెట్టుదుము. ఖమ్మము, కొత్తగూడెము, భద్రాచలము వేసవిలో ఎట్లు కాగునో మీకు చెప్పవలసిన పనిలేదు. వ్యాకోచించుటకు ప్రక్కకు చోటు లేనప్పుడు టైలు పైకి లేచును. ఆ నేలలో సరకు తప్పు లేకపోవచ్చును, ఇల్లు క్రుంగకపోవచ్చును. చోటు విడువకుండుటయే తప్పు కావచ్చును. అది పరపులోని లోపము. పరపునకు డబ్బు తీసికొన్నది దుకాణము.

పాలరాయి, తాండూరు, షాబాదు, నాపరాయి కొన్నవారికి వేరొక ప్రమాదము కలదు. ఇవన్నియు సున్నపుజాతి రాళ్లు. ఆమ్లము సోకినచో కరగును. పని ముగిసిన పిదప సిమెంటు మరకలు పోవుటకని యాసిడు పోసి కడుగు అలవాటు మన దేశమున స్థిరపడిపోయినది. యాసిడు పోసిననాడు నేల తళతళలాడినట్లే యుండును. నెల గడచుసరికి మెరుగుపోయి గరుకుతేలును. అమ్మినవాడు రాయిని నిందించును గాని తన మేస్త్రీ పోసిన సీసాను జ్ఞప్తికి తెచ్చుకొనడు.

చట్టమున కిక వత్తును. 1930 నాటి వస్తువిక్రయ చట్టము బ్రిటిషువారి కాలమునాటిదే యైనను, దానిలో ఒక మంచి సూత్రము గలదు. నమూనా చూపి అమ్మినచో వచ్చిన సరకంతయు ఆ నమూనాతో సరిపోవలయును. గోడకు బిగించిన టైలు వేరు, ఇంటికి వచ్చినది వేరు అయినచో త్రోసిపుచ్చుటకు కొన్నవానికి హక్కు కలదు. కాని ఆ చట్టములోనే మరియొక మాట యున్నది: సరకును అందుకొని, అమ్మినవాని హక్కునకు విరోధమైన పనిని దానిపై చేసినచో, అంగీకరించినట్లే లెక్క. టైలును సిమెంటులో పాతుట అట్టి పనియే. అటుపై నష్టపరిహారము నడుగవచ్చును గాని సరకు తిరిగి తీసికొమ్మనుట కష్టము. కంటికి కనబడు లోపము, అనగా రంగుభేదము, వంకర, అంచుల పగులు, ఇవి పరచకముందే చూడవలయును. కంటికి కనబడని లోపము సంగతి వేరు. అది బయటపడిననాడు అడుగవచ్చును. పెట్టెలు వచ్చిననాడు పది పెట్టెలనుండి ఒక్కొక్కటి తీసి ఎండలో ప్రక్కప్రక్కన పెట్టి చూచుటకు అరగంట పట్టదు. ఆ అరగంట నేను కోర్టులో ఏ వ్యాజ్యములో గడిపితినో నాకిప్పుడు జ్ఞాపకము లేదు.

1986 చట్టము స్థానమున 2019 చట్టము వచ్చి 2020 జులై 20 నుండి అమలగుచున్నది. దాని ప్రకారము వస్తువులోని లోపము ఒకటి, సేవలోని కొరత మరియొకటి. రెంటికిని పరిహారము నడుగవచ్చును. ఇల్లు కట్టించి యిచ్చుటయు సేవయే యని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. కాబట్టి అమ్మకమును, పరపును ఒకే దుకాణము పూనుకొన్నచో, మేస్త్రీ మావాడు కాడని తప్పించుకొనుట కష్టము. వేరు వేరుగా పూనుకొన్నచో ఇద్దరిని ఒకే ఫిర్యాదులో ప్రతివాదులుగా చేర్చవచ్చును. అప్పుడు ఒకరిపై నొకరు చెప్పుకొనునది మీ గుమ్మములో గాక కమిషన్ ఎదుట చెప్పుకొందురు. అది విన సొంపుగా నుండును.

బిల్లు ఇయ్యకుండుట అన్యాయ వ్యాపారపద్ధతి యని ఆ చట్టమే చెప్పుచున్నది. లోపముగల సరకును బిల్లులో వ్రాసిన గడువులోగాని, గడువు వ్రాయనిచో ముప్పది దినములలోగాని తిరిగి తీసికొననని నిరాకరించుటయు అట్టిదే. అమ్మిన సరకు వాపసు తీసికొనబడదని దుకాణములలో బోర్డులు చూచుచున్నాము. కొన్నిచోట్ల దానిపైననే గాంధీమహాత్ముని పటము, ఖాతాదారుడే మన యింటికి వచ్చు గొప్ప అతిథి యను అర్థము గల వాక్యము ఉండును. ఆ వాక్యము మహాత్ముని రచనలలో దొరకలేదని వెదకినవారు చెప్పుచున్నారు. క్రింది బోర్డునకు మాత్రము కర్త తెలియును.

మధిరవారికి ముఖ్యముగ తెలియవలసిన సంగతి యొకటి. మనకు విజయవాడ చేరువ. పెండ్లి చీరలైనను, టైల్సైనను రైలెక్కి అచటనే కొనుచున్నాము. 2014 జూన్ 2 తరువాత అది వేరొక రాష్ట్రము. పాత చట్టమున ప్రతివాది యున్నచోటనో, వ్యవహారము జరిగినచోటనో ఫిర్యాదు చేయవలసి యుండెను. కొత్త చట్టమున ఫిర్యాది నివసించుచోటను, పనిచేయుచోటను చేయవచ్చును. ఖమ్మములోని జిల్లా కమిషన్‌లో మీరు దాఖలు చేయవచ్చును; విజయవాడ దుకాణమువారే రైలెక్కి వత్తురు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షలలోపైనచో రుసుము లేదు. యాబది లక్షలవరకు జిల్లా కమిషన్‌కే అధికారము. వకీలు నుంచుకొనవలయునను నిర్బంధము లేదు. ఈ మాట చెప్పుచున్నందుకు మా బారువారు నన్ను క్షమింతురు గాక. రెండు సంవత్సరములలోపల దాఖలు చేయవలయును. ముందుగా 1915 సంఖ్యకు ఫోనుచేసి చెప్పుకొనవచ్చును; కొన్ని తగవులు అచటనే తీరును.

మూడు నెలలలో, పరీక్ష అవసరమైనచో ఐదు నెలలలో, ఫిర్యాదును తీర్పవలెనని చట్టములో నున్నది. వాస్తవమున అంతకంటె చాల ఆలస్యమగుచున్నది. ఈ మాట దాచి మిమ్ము పంపుట న్యాయము కాదు. మరియు కమిషన్ మీ కన్నీటిని జూచి తీర్పు చెప్పదు. నిపుణుని నివేదిక యడుగును. ఇంజనీరు వచ్చి తట్టి చూచి, ఎన్ని డొల్లలు, సందు ఎంత, వాలు ఎటు అని వ్రాసియిచ్చువరకును నేలను త్రవ్వకుడు. కోపముతో పగులగొట్టి కొత్తది వేయించి, పిదప మా యొద్దకు వచ్చినవారున్నారు. సాక్ష్యము చెత్తబండిలో పోయినది.

ఆ కోయ రైతు మాట. అతడు మేస్త్రీని దినకూలికి పెట్టుకొని, ప్రక్కన నిలిచి తానే పని చెప్పి చేయించుకొన్నాడు. అట్టి యజమాని కూలివాని సంబంధమును చట్టము సేవగా లెక్కింపదు. మొత్తము పని ఇంతకని ఒప్పుకొన్నచో లెక్కించును. కావున అతనికి కమిషన్ మార్గము సులభము కాదని చెప్పవలసి వచ్చెను. మా కార్యకర్తలలో ఒకరు మేస్త్రీయే. ఆయన సెలవునాడు వెళ్లి, తూమువద్ద రెండువరుసల టైల్సు తీసి వాలు సరిచేసి వచ్చెను. అందరికిని అట్లు చేయజాలము. అది చట్టము చేసిన పని కాదు.

మేస్త్రీలను గూర్చి ఒక మాట చెప్పక కూర్చుండరాదు. ఈ ఉపన్యాసమునంతటిని వారిపై కోపముగా మీరు తీసికొనిపోయినచో నాకు బాధ కలుగును. చాలచోట్ల పరపుకూలి అడుగుల లెక్కన. ఎన్ని అడుగులు పరచిన అంత కూలి. పరుపు ఆరుటకు రెండు దినములు ఆగినచో ఆ రెండు దినముల కూలి ఎవరును ఇయ్యరు. రాజస్థానమునుండియు, ఉత్తరప్రదేశమునుండియు, బీహారునుండియు వచ్చి, కట్టుచున్న యింటిలోనే వండుకొని, అచటనే పరుండి, పని ముగియగానే వేరొక ఊరికి పోవువారు పెక్కురు. నీరు పోయక యంత్రముతో టైలును, రాతిని కోయునప్పుడు లేచు ధూళి ఊపిరితిత్తులను తినివేయును. ముక్కునకు గుడ్డ యిచ్చిన యజమానిని నేను చూడలేదు, నేనును ఇయ్యలేదు. ముహూర్తము దగ్గరపడినదని రాత్రి దీపములు పెట్టి పరపించినది ఎవరు? సందు వద్దన్నది ఎవరు? అంటు బస్తా ఖరీదెక్కువ, సిమెంటుతోనే కానిమ్మన్నది ఎవరు? మేస్త్రీ చెప్పిన మాటను కాదని, అతడు చెప్పినట్లు జరుగలేదని అతనినే పట్టుకొనుట న్యాయము కాదు. అతడు చెప్పినదియు, మనము వద్దన్నదియు కాగితముపై నుండినచో అతనికిని రక్షణయే.

ఆ కాగితము ఎట్లుండవలయునని పలువురు అడుగుచున్నారు. ముద్రాపత్రము అక్కరలేదు, నోటరీ అక్కరలేదు. నోటుపుస్తకములోని ఒక పుట చాలును. టైలు పేరు, కొలత, పెట్టెలపై రంగుకును, వాయికిని వేసిన సంఖ్యలు, పెట్టెల లెక్క వ్రాయుడు. విరుగుటకును, ముందుముందు మార్చుటకును అదే వాయిలో కొన్ని పెట్టెలు ఎక్కువ కొని అటకపై దాచుకొనుడు; రెండేండ్ల తరువాత అదే రంగు ఏ దుకాణములోను దొరకదు. పరపు ఎవరు చేయుదురు, వారికి డబ్బు ఎవరి చేతినుండి పోవును, దేనితో అంటింతురు, సందు ఎంత విడుతురు, మరుగుగది వాలు ఎటు ఉండవలయును, యాసిడు పోయరాదు, ఇవి వ్రాయుడు. కడపటి భాగము డబ్బు ఎప్పుడియ్యవలయునో వ్రాయుడు: బిళ్లతో తట్టి చూచి, మరుగుగదిలో బకెట్టునిండ నీరు పోసి అది తూములోనికి పోవుట కన్నులార చూచిన పిదప. క్రింద దుకాణమువారి సంతకము, మేస్త్రీ సంతకము లేదా వ్రేలిముద్ర, మీ సంతకము. ఫోనులో ఒక ఫొటో తీసి మువ్వురకును పంపుడు. డబ్బును సైతము ఫోనుద్వారానో బ్యాంకుద్వారానో చెల్లించినచో దానికి జాడ యుండును.

ఈ సభలో ఇద్దరు ముగ్గురు వర్తకులు వెనుకవరుసలో కూర్చుండియున్నారు. వారిలో ఒకరు సభకు ముందు నాతో, “ఇట్లా సంతకాలు అడిగితే బేరం పక్క దుకాణానికి పోతుంది వకీలుసాబ్” అనిరి. అది నిజమే కావచ్చును. అందుచేతనే ఈ మాట ఒక్కరితో చెప్పక సభలో చెప్పుచున్నాను. ఒక్కడు అడిగినచో పేచీకోరు అందురు. పదిమంది అడిగినచో దుకాణమువారే కాగితము అచ్చొత్తించి పెట్టుదురు. బిల్లుతో అమ్ము నిజాయితీగల వర్తకుడు చీటీతో అమ్మువానితో పోటీపడలేక నష్టపోవుచున్నాడన్న సంగతియు ఆయనకు జ్ఞాపకము చేసితిని. ఆయన కాదనలేదు.

ఉపాధ్యాయురాలి ఫిర్యాదు ఖమ్మములో దాఖలైనది. దుకాణమువారు జవాబు దాఖలు చేసిరి. అందులో పరపు తమది కాదని వ్రాసిరి. కాని పరపుకూలిని చేర్చుకొన్న బిల్లు మన యొద్ద నున్నది. ఇంజనీరు వచ్చి ఒక పూట మోకాళ్లపై కూర్చుండి హాలునంతయు బిళ్లతో తట్టి, డొల్ల పలికిన ప్రతిటైలుపైనను సుద్దతో గుర్తు పెట్టెను. గోడల అంచున ఎచటను చోటు విడువలేదని వ్రాసికొనెను. నివేదిక యింకను రావలసియున్నది. ఆ సుద్దగుర్తులను తుడువవలదని చెప్పియున్నందున ఆమె ఆ హాలును ఊడ్చుట మానివేసినది.

నా యింటి నేల రెండు రంగులుగానే యున్నది. ప్రతి ఆదివారము ఉదయము పదిగంటలనుండి నేనును, మరి ఇద్దరు కార్యకర్తలును ఈ గదిలోనే కూర్చుండెదము. ఇల్లు కట్టుచున్నవారు కొనకముందే రండి. కొన్నవారు బిల్లు తీసికొని రండి. చీటీ మాత్రమే యున్నవారును సిగ్గుపడక రండి. నా చీటీ నేను తెచ్చెదను.